మందు – పథ్యం

పాఠ్యభాగ ఉద్దేశం

రోగికి మందుతోపాటు పథ్యం చెప్పడం మన వైద్యంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. తిన్న ఆహారం మందు పనితీరును ఏ విధంగా మారుస్తుందో ఆధునిక విజ్ఞానశాస్త్రం పరిశోధించి, ఎన్నో విషయాలను నిర్ధారించింది. ఆ విషయాలను తేటతెలుగులో వివరించడం, మందులు వాడేవారు పాటించవలసిన జాగ్రత్తలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మన పెద్దలు వైద్యుని దగ్గరకు వెళ్లినప్పుడు తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "పథ్యం ఏమిటండీ?" మందు పేరు వారికి గుర్తుండకపోవచ్చు. అది ఏ జబ్బుకు ఇచ్చినదో కూడా సరిగా తెలియకపోవచ్చు. కాని వంకాయ తినవచ్చునా, గోంగూర మానాలా, పెరుగు పోసుకోవచ్చునా అన్న విషయం మాత్రం అడిగి తెలుసుకోనిదే గడప దాటరు. జ్వరం వచ్చినవారి ఇంట "లంఖణం పరమౌషధం" అనే నానుడి నేటికీ వినిపిస్తూనే ఉంటుంది.

'పథం' అంటే మార్గం. ఆ మార్గానికి అనుకూలమైనది పథ్యం. ఈ మాటను బట్టి చూస్తే మనకు రెండు ప్రశ్నలు కలుగుతాయి. మందు శరీరంలో నడిచే మార్గం ఏది? ఆ మార్గంలో ఆహారం దానికి ఎక్కడెక్కడ ఎదురవుతుంది?

మందు నడిచే మార్గం

మనం మింగిన మాత్ర జీర్ణాశయంలో కరుగుతుంది. కరిగిన మందు ముఖ్యంగా చిన్నప్రేగుల గోడల గుండా రక్తంలోకి చేరుతుంది. దీనిని శోషణ అంటారు. ప్రేగుల నుండి బయలుదేరిన రక్తం నేరుగా గుండెకు పోదు. ముందుగా కాలేయానికి వెళుతుంది. కాలేయం శరీరానికి సుంకపు ఠాణా వంటిది. బయటి నుండి వచ్చిన పదార్థాలను అది పరీక్షించి, కొన్నింటిని ఉన్నవి ఉన్నట్లుగా వదలుతుంది. కొన్నింటిని రూపం మార్చి పంపుతుంది. ఈ మార్పును చేసేవి ఎంజైములు. వాటిలో ముఖ్యమైన కుటుంబానికి సైటోక్రోమ్ పి-450 అని పేరు. మందును నీటిలో సులభంగా కరిగే రూపానికి తెచ్చి, మూత్రం ద్వారా గాని పైత్యరసం ద్వారా గాని బయటికి పోవడానికి ఇవి తోడ్పడతాయి.

రక్తంలో చేరిన మందు అంతా స్వేచ్ఛగా తిరగదు. కొంతభాగం ఆల్బుమిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకొని ప్రయాణిస్తుంది. విడిగా ఉన్న భాగమే రోగం ఉన్నచోటికి చేరి పనిచేస్తుంది. ఇన్ని మజిలీలలో ఎంత మందు ఖర్చవుతుందో అంచనా వేసిన తరువాతనే శాస్త్రజ్ఞులు మోతాదును నిర్ణయిస్తారు. ఆ అంచనా తప్పితే చిక్కు వస్తుంది. రక్తంలో మందు తగ్గితే రోగం లొంగదు. మితిమీరితే మందే విషమవుతుంది. ఆహారం ఈ మజిలీలలో ప్రతిచోటా ప్రభావం చూపగలదు.

పాలు, తేనీరు, నూనె

చేదుమాత్రను పాలతో మింగించడం మన ఇళ్లలో అలవాటు. బలానికి బలం, మందుకు మందు అని భావిస్తాం. కాని టెట్రాసైక్లిన్ వంటి మందుల విషయంలో ఈ అలవాటు మేలు చేయదు. ఈ తరగతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలుగులోకి వచ్చింది. దానిని కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గర్. అప్పుడు ఆ లెడర్లీ పరిశోధనశాలలో పరిశోధనలకు సారథ్యం వహించినవాడు 1895లో భీమవరంలో జన్మించిన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు. అనేక రకాల సూక్ష్మజీవులను అణచగల ఈ మందుకు ఒక బలహీనత ఉంది. కాల్షియం కనిపిస్తే దానితో గట్టిగా ముడిపడిపోతుంది. పాలలోను, పెరుగులోను కాల్షియం సమృద్ధిగా ఉంటుంది. ఇలా ముడిపడిన మందు ప్రేగుల గోడను దాటలేక మలంతోపాటు వృథాగా పోతుంది. రోగి మాత్ర మింగాననే అనుకుంటాడు. సూక్ష్మజీవికి మాత్రం ఆ మందు పూర్తిగా అందదు. ఎముకలు, దంతాలు ఏర్పడే వయసులో ఈ మందు వాడితే దంతాలపై శాశ్వతంగా మచ్చలు పడడానికి కారణం కూడా కాల్షియంతో దానికి గల ఈ చెలిమియే. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మరొక మందు కూడా పాలు, పెరుగులతో ఇదేవిధంగా నష్టపోతుంది.

విద్యార్థులకు మరింత దగ్గరి ఉదాహరణ ఇనుము మాత్ర. రక్తాల్పత రాకుండా విద్యాసంస్థలలో ప్రభుత్వం ఈ మాత్రలను ఇస్తున్నది. మాత్ర వేసుకొన్న వెంటనే టీ గాని కాఫీ గాని తాగితే, వాటిలోని టానిన్ల వంటి పదార్థాలు ఇనుమును పట్టి ఉంచుతాయి. శోషణ తగ్గిపోతుంది. అందుకు బదులుగా నిమ్మరసం, జామపండు, ఉసిరికాయ వంటివి తీసుకొంటే వాటిలోని విటమిన్ సి ఇనుమును శరీరం గ్రహించడానికి సాయపడుతుంది. మాత్ర ఒక్కటే, మనిషి ఒక్కడే. పక్కన ఉన్న పానీయాన్ని బట్టి ఫలితం మారిపోతున్నది. థైరాయిడ్ గ్రంథి లోపానికి వాడే థైరాక్సిన్ మాత్రను ఉదయం పరగడుపున మంచినీళ్లతో వేసుకొని, కనీసం అరగంట గడిచిన తరువాతనే కాఫీ తాగమనడంలోని ఆంతర్యం కూడా ఇటువంటిదే.

ఈ ఉదాహరణలను చూసి మందులన్నింటికీ ఖాళీ కడుపే శ్రేష్ఠమని భావించరాదు. కొన్ని మందులు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. మలేరియా చికిత్సలో వాడే లుమిఫాంట్రిన్ అటువంటిది. ఖాళీ కడుపుతో వేసుకొంటే అది రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది. పాలతో గాని, నూనె గాని నెయ్యి గాని ఉన్న భోజనంతో గాని వేసుకొంటే శోషణ ఎన్నో రెట్లు పెరుగుతుంది. టెట్రాసైక్లిన్‌కు అపథ్యమైన పాలే లుమిఫాంట్రిన్‌కు పథ్యమవుతున్నవి. కనుక పథ్యం రోగాన్ని బట్టి మాత్రమే కాదు, మందును బట్టి కూడా నిర్ణయింపబడాలి.

ఒక పండ్లరసం బయటపెట్టిన రహస్యం

ఆహారం శోషణను మార్చగలదని చాలాకాలంగా తెలుసు. కాని కేవలం ఒక పండు ఎంజైముల పనినే ఆపగలదన్న సంగతి అనుకోకుండా బయటపడింది. కెనడా దేశంలోని లండన్ నగరంలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు రక్తపోటుకు వాడే ఫెలోడిపిన్ అనే మందుపై ప్రయోగం చేస్తున్నారు. మద్యం ఆ మందు పనితీరును మారుస్తుందా అన్నది వారి ప్రశ్న. ప్రయోగంలో పాల్గొనేవారికి మద్యం రుచి తెలియకూడదు. అందుకోసం గ్రేప్‌ఫ్రూట్ రసాన్ని కలిపి ఇచ్చారు. ఫలితాలు చూస్తే, మద్యం తాగినవారిలోను తాగనివారిలోను కూడా రక్తంలోని మందు ఉండవలసినదానికన్నా అనేక రెట్లు ఎక్కువగా కనిపించింది. దోషం మద్యానిది కాదు, రసానిది. బెయిలీ తనమీద తాను ప్రయోగం చేసుకొని ఈ అనుమానాన్ని బలపరచుకొన్నాడు. ఈ విషయం 1989లో లోకానికి తెలిసింది. 1991లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడిన తరువాత అందరి దృష్టినీ ఆకర్షించింది.

పేరులో ద్రాక్ష ఉన్నప్పటికీ గ్రేప్‌ఫ్రూట్ నిమ్మజాతికి చెందిన పండు. పంపర పనసకు, తీపి నారింజకు కలిగిన సంకరజాతి. దీనిలోని ఫ్యూరనోకుమరిన్లు అనే పదార్థాలు ప్రేగుల గోడలో ఉండే సి.వై.పి.3ఏ4 అనే ఎంజైమును పనికిరాకుండా చేస్తాయి. సాధారణంగా నోటి ద్వారా తీసుకొన్న ఫెలోడిపిన్‌లో నూటికి సుమారు 15 పాళ్లు మాత్రమే రక్తప్రసరణలోకి చేరతాయి. మిగిలినది ప్రేగులలోను, కాలేయంలోను మార్పు చెందిపోతుంది. మోతాదు ఈ నష్టాన్ని లెక్కలో ఉంచుకొనే నిర్ణయమైంది. ప్రేగులలోని కాపలా తొలగిపోతే మామూలు మోతాదే అతి మోతాదవుతుంది. శరీరం కొత్త ఎంజైమును తయారుచేసుకోవడానికి ఒక రోజు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కాలం పడుతుంది. కాబట్టి ఉదయం రసం తాగి రాత్రి మందు వేసుకొన్నా ప్రమాదం పూర్తిగా తప్పదు.

కొలెస్ట్రాల్ తగ్గించే సింవాస్టాటిన్, అవయవమార్పిడి జరిగినవారు వాడే సైక్లోస్పోరిన్ మొదలైన మందులకు కూడా ఈ ముప్పు ఉంది. గ్రేప్‌ఫ్రూట్ మన అంగళ్లలో అరుదు. కాని దాని జనకజాతియైన పంపర పనస మన తోటలలో ఉంది. దానిలో కూడా ఈ పదార్థాలు ఉంటాయి. అందువల్ల ఇటువంటి మందులు వాడేవారు ఆ పండు తినేముందు వైద్యుని సలహా పొందడం మంచిది.

ఆకుకూర – గుండె కవాటం

ఇప్పటివరకు చెప్పినవి మందు నడిచే మార్గంలోని అవరోధాలు. కొన్ని సందర్భాలలో మందు గమ్యం చేరిన తరువాత అక్కడ ఆహారమే దానికి ప్రత్యర్థిగా నిలుస్తుంది. వార్ఫరిన్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ మందు పుట్టుకలోనే ఆహారం కథ ఉంది. 1920 ప్రాంతంలో ఉత్తర అమెరికాలో పశువులు చిన్న గాయానికే నెత్తురు ఆగక చనిపోసాగాయి. అవి తిన్నది బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే ఎండుగడ్డి. 1933లో ఒక రైతు గడ్డకట్టని ఆ నెత్తురును పాలడబ్బాలో పోసుకొని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి తెచ్చాడు. కార్ల్ పాల్ లింక్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు కొన్నేళ్లు శ్రమించి దానికి కారణమైన పదార్థాన్ని వేరుచేశారు. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వచ్చి, 1954లో మనుషుల వైద్యంలో ప్రవేశించింది.

రక్తం గడ్డకట్టడానికి అవసరమైన మాంసకృత్తులను కాలేయం విటమిన్ కె సహాయంతో తయారుచేస్తుంది. వార్ఫరిన్ ఆ సహాయాన్ని అడ్డుకొంటుంది. మనదేశంలో ఎక్కువగా వాడే ఎసినోకుమరాల్ కూడా ఈ కోవలోనిదే. కీళ్లజ్వరం వల్ల గుండె కవాటాలు చెడి, లోహపు కవాటం అమర్చుకొన్నవారు జీవితాంతం ఇటువంటి మందు వాడవలసి ఉంటుంది. వాడకపోతే కవాటంపై రక్తం గడ్డకట్టి ప్రాణానికే ముప్పు వస్తుంది.

విటమిన్ కె ఆకుకూరలలో విస్తారంగా ఉంటుంది. కవాటమార్పిడి చేయించుకొన్న ఒక గృహిణిని ఊహించుకొందాం. ఆమె ఏడాది పొడుగునా పప్పుచారుతోనే భోజనం చేస్తుంది. ఆషాఢమాసం వచ్చింది. ఆచారమని, ఆరోగ్యమని వారం రోజులపాటు మునగాకు వండుకొన్నది. శరీరానికి ఒక్కసారిగా విటమిన్ కె అందింది. అంతకుముందు సరిపోయిన మోతాదు ఇప్పుడు చాలదు. ఇంకొకరు ఇందుకు భిన్నంగా, ఆకుకూర విషమని ఎవరో చెప్పగా విని రోజూ తినే తోటకూరను హఠాత్తుగా మానివేశారు. అప్పుడు మందు ప్రభావం పెరిగి, చిగుళ్ల నుండి, ముక్కు నుండి రక్తం కారవచ్చు. మెదడులో కూడా రక్తస్రావం జరగవచ్చు. ఈ ఇద్దరూ మందు మానలేదు. మోతాదు తప్పలేదు. మారినది కూర మాత్రమే.

కాబట్టి ఇక్కడ పథ్యమంటే మానడం కాదు, సమానంగా తినడం. ఆకుకూరలలో ఎన్నో పోషకాలున్నాయి. వాటిని వదులుకోవలసిన పనిలేదు. వారం వారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తింటూ, రక్తం గడ్డకట్టే తీరును తెలిపే ఐ.ఎన్.ఆర్. పరీక్ష చేయించుకొంటూ ఉంటే వైద్యుడు అందుకు తగిన మోతాదును నిర్ణయిస్తాడు.

ఆకలిగొన్న శరీరంలో మందు

పథ్యం పేరిట మనం చేసే పెద్ద పొరపాటు రోగిని పస్తుంచడం. ఈ విషయంలో హైదరాబాదు నగరానికి ప్రత్యేకస్థానం ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ ఆరంభించిన ఒక చిన్న పరిశోధన విభాగం పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఆ సంస్థకు సంచాలకులుగా పనిచేసిన కమలా కృష్ణస్వామి, పోషకాహారం చాలని శరీరాలు మందులను ఏ విధంగా స్వీకరిస్తాయి, ఏ విధంగా విసర్జిస్తాయి అన్న విషయాన్ని లోతుగా పరిశోధించారు. మందుల మోతాదులు సాధారణంగా పుష్టిగా ఉన్నవారి శరీరాలను పరీక్షించి నిర్ణయించినవి. వాటిని చిక్కిశల్యమైన కూలీకి యథాతథంగా ఇస్తే ఏమవుతుందన్నది పేదదేశాలు తప్పక వేసుకోవలసిన ప్రశ్న.

ఇటువంటి పరిశోధనలవల్ల తేలిన విషయం ఇది. పోషకాహారలోపం కొద్దిగా ఉన్నవారిలో ఎంజైములు మామూలుగానే పనిచేయవచ్చు. కొన్ని మందులను మరింత వేగంగా కూడా బయటికి పంపవచ్చు. లోపం తీవ్రమై శరీరం నీరుపట్టే స్థితికి వస్తే మాత్రం కాలేయం అలసిపోతుంది. మందు రక్తంలో ఎక్కువకాలం నిలిచిపోతుంది. రక్తంలో ఆల్బుమిన్ తగ్గడంవల్ల విడిగా తిరిగే మందు పాలు పెరుగుతుంది. మాంసకృత్తులు చాలకపోతే ఎంజైములే తగినంతగా తయారుకావు. ఎంజైములు కూడా మాంసకృత్తులే కదా!

జ్వరానికి వేసుకొనే పారాసిటమాల్ విషయం చూడండి. కాలేయం దానిని మార్చేటప్పుడు కొద్దిపాటి విషపదార్థం పుడుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ విషాన్ని వెంటనే విరిచివేస్తుంది. రోజుల తరబడి తిండి లేకపోతే గ్లూటాథయోన్ నిల్వలు తగ్గుతాయి. ఆ స్థితిలో మోతాదు మించి మాత్రలు వేసుకొంటే, లేదా మద్యం అలవాటు కూడా తోడైతే, కాలేయానికి హాని కలిగే అవకాశం పెరుగుతుంది. లంఖణం అన్నివేళలా పరమౌషధం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

క్షయవ్యాధి చికిత్స ఇందుకు మరింత గంభీరమైన నిదర్శనం. ఆ చికిత్సలో వాడే రిఫాంపిసిన్ పరగడుపున వేసుకొంటే బాగా శోషణ చెందుతుంది. పరగడుపు అంటే పస్తు కాదు. మందు వేసుకొన్న కొంతసేపటికి కడుపునిండా తినాలి. ఐసోనియజిడ్ అనే మరొక మందు శరీరంలోని విటమిన్ బి-6ను తగ్గిస్తుంది. అసలే అర్ధాకలితో ఉన్నవారికి చేతులు, కాళ్లు తిమ్మిరెక్కి, మండుతాయి. అందుకే ఆ విటమిన్‌ను కూడా మాత్రగా ఇస్తారు. తిండి లేక ఈ బాధలకు తాళలేని రోగి మధ్యలోనే మందు మానితే వ్యాధి మొండిదవుతుంది. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ఫలితాలు వెలువడిన ఒక పరిశోధనలో, చికిత్స మొదటి రెండు నెలలలో బరువు పెరిగిన క్షయరోగులలో మరణాలు తక్కువగా కనిపించాయి. క్షయరోగుల ఆహారానికి 2018 నుండి నెలకు 500 రూపాయల చొప్పున కేంద్రప్రభుత్వం ఇస్తూ వచ్చిన సాయాన్ని 2024 నవంబరు నుండి 1000 రూపాయలకు పెంచింది. మందుసీసా పక్కన అన్నం గిన్నె కూడా ఉండాలని ప్రభుత్వాలు సైతం గుర్తించాయన్నమాట.

మనం చేయవలసినది

పెద్దలు అడిగిన ప్రశ్న సరైనదే. "పథ్యం ఏమిటి?" అని అడగడం మానకూడదు. అయితే దాని జవాబును ఇరుగుపొరుగువారి నుండి కాక, మందు రాసిన వైద్యుని నుండి, మందు ఇచ్చే ఫార్మసిస్టు నుండి పొందాలి. ఈ మందు తిండికి ముందా, తరువాతా? దీనిని పాలతో వేసుకోవచ్చునా? ఏ పదార్థాన్నయినా మానాలా? నేను వాడుతున్న ఇతర మందులతో, ఆకుపసరులతో దీనికి పొత్తు కుదురుతుందా? ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి నిమిషం కూడా పట్టదు. స్పష్టమైన సలహా లేనప్పుడు మాత్రను మంచినీళ్లతో మింగడం ఉత్తమం. అనుమానం కలిగిందని మందును తనంతతానుగా ఆపివేయడం మాత్రం తగదు.

ఇంట్లో చదువుకొన్నవారు మీరే కావచ్చు. తాతగారి మందుచీటీని ఒకసారి శ్రద్ధగా చదవండి. ఏ మాత్ర ఎప్పుడు, దేనితో వేసుకోవాలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. మీ చదువు ఆ ఇంటికి అంతకన్న దగ్గరగా ఉపయోగపడే సందర్భం మరొకటి ఉండకపోవచ్చు.

కఠినపదాలు – అర్థాలు

శోషణ : పీల్చుకోవడం, లోనికి గ్రహించడం
మజిలీ : ప్రయాణంలో ఆగేచోటు
సుంకపు ఠాణా : పన్ను వసూలుచేసే చోటు
మాంసకృత్తులు : శరీర నిర్మాణానికి తోడ్పడే పోషకాలు, ప్రోటీనులు
రక్తాల్పత : రక్తం తక్కువగా ఉండడం
ఆంతర్యం : లోపలి భావం
పరగడుపు : ఉదయం ఏమీ తినకముందు ఉన్న స్థితి
సంకరజాతి : రెండు జాతుల కలయికవల్ల పుట్టినది
కవాటం : తలుపు, గుండెలో రక్తం వెనుకకు రాకుండా ఆపే పొర
చిక్కిశల్యమగు : మిక్కిలి కృశించు
నిదర్శనం : ఉదాహరణ, రుజువు

ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మందు శరీరంలో నడిచే మార్గాన్ని వివరించి, ఆహారం అందులో కలిగించే మార్పులను ఉదాహరణలతో తెలపండి.
2. పోషకాహారలోపం మందుల పనితీరుపై చూపే ప్రభావాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. టెట్రాసైక్లిన్‌ను పాలతో ఎందుకు వేసుకోరాదు?
2. గ్రేప్‌ఫ్రూట్ ప్రభావం ఏ విధంగా బయటపడింది?
3. "పథ్యమంటే మానడం కాదు, సమానంగా తినడం" అన్న మాటను సమర్థించండి.

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. యల్లాప్రగడ సుబ్బారావు ఎక్కడ జన్మించారు?
2. జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదుకు ఎప్పుడు తరలివచ్చింది?
3. ఇనుము శోషణకు తోడ్పడే విటమిన్ ఏది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. "దోషం మద్యానిది కాదు, రసానిది."
2. "మారినది కూర మాత్రమే."
3. "పరగడుపు అంటే పస్తు కాదు."

V. భాషాంశాలు
1. సంధులు : పరమౌషధం = పరమ + ఔషధం – వృద్ధి సంధి; రక్తాల్పత = రక్త + అల్పత – సవర్ణదీర్ఘ సంధి; మునగాకు = మునగ + ఆకు – అత్వ సంధి.
2. సమాసాలు : గుండె కవాటం – గుండె యొక్క కవాటం – షష్ఠీ తత్పురుష సమాసం, ఇరుగుపొరుగు – ఇరుగును, పొరుగును – ద్వంద్వ సమాసం.

VI. మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని పెద్దలు పాటించే ఒక పథ్యాన్ని అడిగి తెలుసుకొని, దాని కారణాన్ని వైద్యుని ద్వారా గ్రహించి పది వాక్యాలలో రాయండి.